జ్ఞానదంతానికి ఎంత మత్తు కావాలి?

ఈ నెల పళ్ల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జ్ఞానదంతం గురించే. పన్ను సంగతి తక్కువ, మత్తు సంగతే ఎక్కువ. దవడ శస్త్రచికిత్స నిపుణురాలు ఒకరు, మత్తు డాక్టరు ఒకరు కలిసి వీటికి సమాధానాలు రాశారు. మోతాదులు చెప్పింది మీ డాక్టరు మాట మీకు అర్థం కావడానికే, సొంతంగా వాడుకోవడానికి కాదు.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. కింది జ్ఞానదంతం ఎముకలో అడ్డంగా పడుకుని ఉందన్నారు. ఒక క్లినిక్‌లో చిగుళ్లకు ఇంజెక్షన్ చేసి తీస్తామన్నారు. ఇంకోచోట నిద్రపుచ్చి తీస్తామన్నారు. నిద్రపోతే నొప్పే ఉండదు కదా, అదే మేలు కాదా? (రాజమహేంద్రవరం)

నొప్పిని ఆపేది చిగుళ్లకు ఇచ్చే ఇంజెక్షనే. సెడేషన్, అంటే మనిషిని నెమ్మదింపజేసే మగత, తీసేది భయాన్ని. సెలైన్‌లో మత్తు ఎక్కించినా, గ్యాస్ పట్టినా, ఆ తర్వాత నోట్లో ఇంజెక్షన్ మామూలుగానే చేస్తారు. ఒళ్లు తెలియకుండా నిద్రపుచ్చే పూర్తి అనస్థీషియాలో కూడా చేస్తారు, మెలకువ వచ్చాక నొప్పి లేకుండా ఉండటానికి. కాబట్టి మీ ముందున్నది ఇంజెక్షనా, నిద్రా అన్న ఎంపిక కాదు. ఇంజెక్షన్ ఎలాగూ తప్పదు, దాని మీద ఇంకేమైనా కావాలా అన్నదే ప్రశ్న.

ఆ ఇంజెక్షన్ సాధారణంగా అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకైన్. కింది దవడ నరం ఎముకలోకి దూరే చోట, నోటి వెనక భాగంలో లోపలి వైపు, సుమారు 1.5 నుంచి 2 మి.లీ. ఇస్తారు. బుగ్గ వైపు చిగురుకు మరో అర మి.లీ. మూడు నుంచి అయిదు నిమిషాల్లో ఆ పక్క కింది పెదవి సగం బరువెక్కి మొద్దుబారుతుంది. నాలుక అంచు కూడా అంతే. పెదవి మొద్దుబారలేదంటే మందు నరాన్ని అందుకోలేదని అర్థం, అప్పుడు పని మొదలుపెట్టకూడదు. పన్ను దగ్గర మొద్దుతనం గంట నుంచి గంటన్నర ఉంటుంది, పెదవికి మూడు నుంచి అయిదు గంటలు. అడ్రినలిన్ పని రక్తనాళాలను ముడుచుకునేలా చేయడం. దానివల్ల రక్తం తక్కువ కారుతుంది, మందు త్వరగా కొట్టుకుపోదు.

ఒత్తిడి మాత్రం తెలుస్తుంది. డ్రిల్ చప్పుడు పుర్రెలో మోగుతుంది. దంతాన్ని రెండు ముక్కలు చేసేటప్పుడు టప్పుమన్న శబ్దం వస్తుంది. చాలామంది దీన్నే నొప్పి అనుకుని బిగుసుకుపోతారు. సూది గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు అనిపిస్తే అది నొప్పి, ఎడమ చెయ్యి ఎత్తండి. డాక్టరు ఆపి, ఇంకొంచెం మందు ఇస్తారు. 60 కిలోల మనిషికి అడ్రినలిన్‌తో కలిసిన లిగ్నోకైన్ కిలోకు 7 మి.గ్రా. లెక్కన 420 మి.గ్రా. వరకు ఇవ్వవచ్చు, అంటే 2 శాతం మందు 21 మి.లీ. ఒక పంటికి దాని దరిదాపుల్లోకి కూడా వెళ్లరు గనక, మళ్లీ ఇవ్వమని అడగడానికి మొహమాటపడకండి.

మందు పట్టకపోవడానికి ముఖ్య కారణం చీము, వాపు. వాచిన కణజాలంలో ఆమ్లత్వం ఎక్కువ, అక్కడ లిగ్నోకైన్ నరంలోకి ఇంకదు. అందుకే మంచి డాక్టరు ముందు చిగురు కింద కడిగి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇచ్చి, కొద్ది రోజులాగి పన్ను ముట్టుకుంటారు. ‘వాచినప్పుడే తీసెయ్యండి, మత్తు గట్టిగా ఇవ్వండి’ అని పట్టుబట్టకండి.

పన్ను అడ్డంగా ఉండటం వల్ల ఎముక కొంచెం ఎక్కువ తొలుస్తారు, సమయం పెరుగుతుంది. అదొక్కటే నిద్రపుచ్చడానికి కారణం కాదు. భయం విపరీతంగా ఉంటే, నోట్లో ఏది పెట్టినా వాంతి వచ్చేస్తుంటే, నాలుగూ ఒకేసారి తీస్తుంటే అప్పుడు సెడేషన్ ఆలోచించాలి.

ప్రశ్న: సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి. లాఫింగ్ గ్యాస్, మాత్ర, సెలైన్‌లో మత్తు, పూర్తి అనస్థీషియా అని నాలుగు చెప్పారు. తేడా ఏమిటి? (హనుమకొండ)

లాఫింగ్ గ్యాస్ అంటే నైట్రస్ ఆక్సైడ్. ముక్కు మీద చిన్న మాస్క్ పెట్టి, ముందు ఒట్టి ఆక్సిజన్ పట్టి, తర్వాత గ్యాస్‌ను పది శాతం చొప్పున పెంచుకుంటూ పోతారు. ఎక్కువమందికి 30 నుంచి 50 శాతం మధ్య వేళ్లు చిమచిమలాడి, ఒళ్లు వెచ్చబడి, ఏం జరిగినా పట్టనట్టు ఉంటుంది. దంతవైద్యానికి వాడే యంత్రాలు 30 శాతం కంటే తక్కువ ఆక్సిజన్ ఇవ్వకుండా తయారవుతాయి. మోతాదు పెరిగేకొద్దీ వికారం పెరుగుతుంది. అయిపోయాక అయిదు నిమిషాలు ఆక్సిజన్ పడితే తేరుకుంటారు. సొంతంగా ఇంటికి వెళ్లగలిగే సెడేషన్ ఇదొక్కటే. దీని బలహీనత కూడా చెప్పాలి: ముక్కు దిబ్బడ ఉంటే పని చేయదు, నోటితో ఊపిరి పీల్చినా మాట్లాడినా పలచబడిపోతుంది, ఎముక తొలిచే పనికి ఒక్కోసారి చాలదు. గర్భం మొదటి మూడు నెలల్లో వద్దు. కర్ణభేరికి లేదా కంటి రెటీనాకు ఈ మధ్య ఆపరేషన్ అయి ఉంటే ముందే చెప్పండి. ఈ గ్యాస్ విటమిన్ బి12ని పనికిరాకుండా చేస్తుంది. పూర్తి శాకాహారులై, బి12 తక్కువుందని తేలి, అరికాళ్లలో తిమ్మిర్లున్నవారు ఆ మాట దాచకూడదు.

మాత్ర చవక, సూది అవసరం లేదు. డయాజెపామ్ 5 నుంచి 10 మి.గ్రా. గంట ముందు వేస్తారు. చిక్కేమిటంటే కడుపులోంచి ఎంత, ఎప్పుడు రక్తంలో కలుస్తుందో ముందే చెప్పలేం. చాలలేదని ఇంకోటి వేస్తే రెండూ కలిసి గంట తర్వాత పనిచేస్తాయి. డయాజెపామ్ ఒంట్లోంచి పోవడానికి రోజులు పడుతుంది, పెద్దవాళ్లకు మర్నాడు కూడా మగతగా ఉంటుంది. అయినా ముందు రాత్రి నిద్ర పట్టనివారికి, ఒక పన్ను మాత్రమే తీయించుకునేవారికి డాక్టరు రాసిచ్చిన చిన్న మాత్ర చాలు. దీన్ని తక్కువగా అంచనా వేస్తారు.

సెలైన్‌లో మత్తు అంటే ఎక్కువగా మిడజోలమ్. చేతి సిరలో 1 మి.గ్రా. లేదా 2 మి.గ్రా. ఇచ్చి, రెండు నిమిషాలాగి, అర నుంచి ఒక మి.గ్రా. చొప్పున కలుపుతారు. మాట ముద్దవడం, రెప్పలు సగం వాలడం కనిపించాక ఆపేస్తారు. చాలామంది పెద్దలకు 2 నుంచి 5 మి.గ్రా. సరిపోతుంది. అరవై దాటినవారికి అర లేదా ఒక మి.గ్రా.తో మొదలుపెట్టి, మరింత నెమ్మదిగా వెళ్లాలి. ముప్పావు గంట నుంచి గంట పనిచేస్తుంది. పిలిస్తే పలుకుతారు, నోరు తెరవమంటే తెరుస్తారు, తర్వాత మాత్రం చాలావరకు గుర్తుండదు. ‘నేను నిద్రపోయాను’ అని చెప్పేవారిలో ఎక్కువమంది నిజానికి మేలుకునే ఉంటారు. మందు రెండు గాఢతల్లో వస్తుంది, మి.లీ.కు 1 మి.గ్రా., మి.లీ.కు 5 మి.గ్రా. ఒకటనుకుని ఇంకోటి సిరంజిలోకి తీస్తే అయిదు రెట్లు వెళుతుంది. అందుకే సిరంజికి పేరు, గాఢత రాసిన చీటీ అంటించే చోటును నమ్మవచ్చు.

ఇక్కడ ముందు దెబ్బతినేది గుండె కాదు, ఊపిరి. హైదరాబాద్‌లో 1888, 1889లో నిజాం ప్రభుత్వ ఆసరాతో పనిచేసిన క్లోరోఫామ్ కమిషన్లు నాడి కన్నా శ్వాస మీద కన్నేసి ఉంచాలని గట్టిగా వాదించాయి. క్లోరోఫామ్ గుండెను నేరుగా కూడా ఆపగలదని ఆ తర్వాత తేలడంతో ఆ వాదన సగం వీగిపోయింది. మిడజోలమ్‌కు మాత్రం ఆ జాగ్రత్త అక్షరాలా వర్తిస్తుంది, ఫెంటానిల్ లాంటి నొప్పి మందు తోడైతే మరీ. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఒక్కటే చాలదు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉంటే, ఊపిరి మందగించినా వేలి మీద అంకె కొన్ని నిమిషాలు 98, 99 అనే చూపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ గీత ముందే చదునవుతుంది.

పూర్తి అనస్థీషియా ఆస్పత్రి థియేటర్లోనే. నోట్లో పని గనక గొట్టాన్ని ముక్కులోంచి శ్వాసనాళంలోకి వేస్తారు, రక్తం కిందికి జారకుండా గొంతులో గాజుగుడ్డ పెడతారు. ఆ గుడ్డను చివర్లో తీశామని లెక్క చూసి బోర్డు మీద రాసుకోవడం మంచి థియేటర్ల అలవాటు. రెండు రోజులు గొంతు నొప్పి, కాస్త ముక్కులోంచి రక్తం మామూలే. పంటి చుట్టూ పెద్ద నీటితిత్తి ఉంటే, నోరు వేలెడు కూడా తెరుచుకోకపోతే, మాట వినిపించుకోలేని స్థితిలో ఉన్నవారికి ఇదే సరైన దారి. భయం ఒక్కటే కారణమైతే ముందు పై మూడూ చూడాలి.

మీ విషయంలో మా ఓటు గ్యాస్‌కు, లేదంటే సెలైన్‌లో మిడజోలమ్‌కు. సూది చూస్తే కళ్లు తిరిగేవారికి చెయ్యి మీద మొద్దుబార్చే క్రీము రాసి గంట ఆగితే సిర సూది కూడా పెద్దగా తెలియదు. కుర్చీ వెనక్కి వాల్చి, పడుకుని ఉండగానే ఇంజెక్షన్ చేయమని అడగండి. కళ్లు తిరగడం కూర్చున్నప్పుడే ఎక్కువ.

ప్రశ్న: మెడికల్ షాపులో ఆల్ప్రాజోలమ్ తెచ్చుకుని రెండు వేసుకుని వెళ్తే సరిపోదా? (నిజామాబాద్ జిల్లా)

సరిపోదు. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. పైగా మీరు వేసుకున్న సంగతి తెలియక డాక్టరు మిడజోలమ్ ఇస్తే రెండూ కలిసి ఊపిరిని తొక్కేస్తాయి.

మీ ప్రాంతం చూసి ఇంకో మాట. ఆల్ప్రాజోలమ్, డయాజెపామ్ కలిపిన కల్తీ కల్లు తెలంగాణలో కొత్త సంగతి కాదు. రోజూ తాగేవారికి ఈ మందులు ఒంటికి అలవాటైపోయి, మామూలు మోతాదు పని చేయదు. ఆపరేషన్ కోసమని రెండు మూడు రోజులు మానేస్తే వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్ రావచ్చు. మిడజోలమ్‌కు విరుగుడైన ఫ్లూమజెనిల్ ఇచ్చినా ఇలాంటివారికి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి కల్లు తాగే అలవాటుంటే, ఎంత, ఎప్పటినుంచి అన్నది చెప్పి తీరాలి. డాక్టరుకు చెప్పడానికి సిగ్గు పడాల్సింది ఏమీ లేదు.

ప్రశ్న: ఉదయం తొమ్మిదింటికి రమ్మన్నారు. టీ తాగొచ్చా? షుగర్ మాత్ర సంగతేమిటి? (గుంటూరు)

చిగురు ఇంజెక్షన్ మాత్రమే అయితే కడుపు నిండా టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేసుకుని వెళ్లండి. ఖాళీ కడుపుతో వెళ్తేనే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. గ్యాస్ అయితే రెండు గంటల ముందు తేలికగా ఒకటి రెండు ఇడ్లీలు చాలు.

సెలైన్‌లో మత్తు, పూర్తి అనస్థీషియా అయితే మామూలు నియమం ఇదీ: తేలికపాటి తిండికి ఆరు గంటలు, బిర్యానీ, పూరీ లాంటి నూనె, మాంసం ఉన్నవాటికి ఎనిమిది, మంచినీళ్లకు రెండు. పాలు కలిపిన టీ తిండి కిందే లెక్క, ఆరు గంటలు. మజ్జిగా అంతే. గుజ్జు లేని కొబ్బరి నీళ్లు, డికాక్షన్ రెండు గంటల ముందు వరకు పర్వాలేదు. మత్తులో దగ్గు తగ్గిపోతుంది, కడుపులోది పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నియమం అందుకే. ‘ఒక్క గుక్కే తాగాను’ అనిపిస్తే ఎన్నింటికో చెప్పండి, ఆపరేషన్ కొంచెం వెనక్కి జరుపుతారు.

తిండి మానిన పూట షుగర్ మాత్రలు, భోజనానికి ముందు వేసే ఇన్సులిన్ వద్దు. రాత్రి వేసే దీర్ఘకాల ఇన్సులిన్ ఎంత తగ్గించాలో మీ డాక్టరు చెప్పాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడుతుంటే డాక్టరును అడిగి మూడు రోజుల ముందే ఆపాలి. ఉపవాసంలో ఇవి షుగర్ అంకె మామూలుగా ఉన్నా రక్తంలో కీటోన్లనే ఆమ్లాలను పెంచేస్తాయి. బరువు తగ్గడానికి సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నవారికి ఆరు గంటలైనా కడుపు ఖాళీ కాకపోవచ్చు, ఆ మాట ముందే చెప్పండి. మధుమేహం ఉన్నవారు రోజులో మొదటి కేసుగా సమయం అడగాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 19. డాలస్‌లో చదువుతున్నాడు. నాలుగు జ్ఞానదంతాలూ నిద్రపుచ్చి ఒకేసారి తీస్తామన్నారట. ఇండియా పిలిపించి ఒక్కొక్కటీ తీయించమంటారా?

అమెరికాలో ఓరల్ సర్జన్లు తమ క్లినిక్‌లోనే సిరలో మత్తు ఇచ్చి నాలుగూ ఒక పూటలో తీయడం మామూలే. మిడజోలమ్‌తో పాటు ఫెంటానిల్, ప్రొపోఫోల్, కొన్నిసార్లు కెటమిన్ అనే మత్తుమందులు కలుపుతారు గనక పిలిస్తే పలికే స్థాయి దాటి గాఢంగా వెళుతుంది. ప్రొపోఫోల్‌కు విరుగుడు మందు లేదు, ఊపిరి తగ్గితే డాక్టరే ఆడించాలి. అందుచేత ఇవి అడగమనండి: పన్ను తీసే డాక్టరు కాకుండా మత్తును మాత్రమే చూసే శిక్షణ పొందిన మనిషి ఉన్నారా? క్యాప్నోగ్రాఫ్ ఉందా? ఆ రాష్ట్ర డెంటల్ బోర్డు ఇచ్చిన అనస్థీషియా పర్మిట్ ఏ స్థాయిది? మత్తు బిల్లు పదిహేను నిమిషాల చొప్పున వేరేగా వస్తుంది, ఇన్సూరెన్స్ అంగీకారం ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

వేపింగ్, గంజాయి అలవాటుంటే క్లినిక్ ఇచ్చే ఫారంలో నిజం రాయాలి. గంజాయి వాడేవారికి మత్తు మామూలు కన్నా ఎక్కువ పడుతుంది. ఈ ప్రశ్న మీరు పక్కన కూర్చుని అడగకండి, నర్సు ఒంటరిగా అడగడమే మేలు.

ఇంకో మాట. నొప్పి, వాపు, పక్క పంటికి పుచ్చు ఏదీ లేకపోతే నాలుగూ తీయాల్సిందేనా అని కూడా అడగమనండి. బ్రిటన్‌లో చికిత్సలపై సూచనలిచ్చే నైస్ సంస్థ 2000లోనే జబ్బు లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్తగా తీయొద్దని సూచించింది. అమెరికా సర్జన్లలో చాలామంది ఇందుకు ఒప్పుకోరు. తీయాల్సి వస్తే 19 ఏళ్లు మంచి వయసే, పంటి వేళ్లు (మూలాలు) అప్పటికి పూర్తిగా పెరగవు, ఎముక మెత్తగా ఉంటుంది. ఒక్కొక్కటీ తీయించడమంటే అదే వాపు మళ్లీ మళ్లీ పడటం. ఇండియాలో చేయిస్తే తిరుగు ప్రయాణానికి కనీసం పది, పద్నాలుగు రోజుల వ్యవధి పెట్టుకోండి. కుట్లు వారానికి తీస్తారు, పన్ను తీసిన గుంట ఎండిపోయి వచ్చే భయంకరమైన నొప్పి సాధారణంగా మొదటి మూడు నాలుగు రోజుల్లో మొదలవుతుంది. దానికి విమానంలో మందు లేదు.

ప్రశ్న: వయసు 58. పద్నాలుగు నెలల క్రితం స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాను. మత్తు పడుతుందా? (తెనాలి)

పడుతుంది. ముందుగా, రక్తం గడ్డకట్టకుండా చూసే ఆ రెండు మాత్రలూ మీ అంతట మీరు ఆపకండి. చిగుళ్ల రక్తాన్ని కుట్లతో, జెలటిన్ స్పాంజితో, రక్తం ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్‌లో తడిపిన గాజుగుడ్డతో ఆపొచ్చు. స్టెంట్ మూసుకుపోతే అలా ఆపలేం. బీపీ మాత్ర ఆ రోజు ఉదయం వేసుకోవాలా వద్దా అన్నది మందును బట్టి ఉంటుంది. చిగురు ఇంజెక్షన్ మాత్రమే అయితే వేసుకోవాలి.

గుండె జబ్బు ఉన్నవారికి అడ్రినలిన్ ఒక్క పూటలో 0.04 మి.గ్రా. మించకూడదని పాటిస్తారు. 1:80,000 గాఢత మందులో అది 3.2 మి.లీ.తోనే వచ్చేస్తుంది, 1:2,00,000 మందులో 8 మి.లీ. దాకా వెళ్లవచ్చు. రెండో రకం వాడమని అడగండి. అసలు అడ్రినలిన్ లేని మందు ఇస్తే మేలనుకోవడం పొరపాటు. మొద్దుతనం సగంలో దిగిపోతే ఆ నొప్పికి మీ ఒంట్లోంచే అంతకు మించిన అడ్రినలిన్ వస్తుంది. భయం కూడా అలాంటిదే గనక, మీకు తేలికపాటి గ్యాస్ సెడేషన్ నిజంగా ఉపయోగం. ఆ రోజు బీపీ 180/110 దాటితే వాయిదా వేయాల్సిందే.

ప్రశ్న: నాకు పళ్ల ఇంజెక్షన్ పడదు. చేయగానే గుండె దడదడా కొట్టుకుని చెమటలు పట్టాయి. మరి పూర్తి మత్తేనా? (కర్నూలు)

మీరు చెప్పినదాంట్లో అలర్జీ లక్షణం ఒక్కటీ లేదు. దడ అడ్రినలిన్ వల్ల, అది రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. చెమట, కళ్లు తిరగడం భయం వల్ల. దద్దుర్లు, పెదవులు, కళ్లు ఉబ్బడం, ఊపిరి పిల్లికూతలు పెట్టడం ఉంటే అది వేరు. లిగ్నోకైన్‌కు నిజమైన అలర్జీ చాలా అరుదు. ఉన్నా తరచు నింద పడాల్సింది, పలుమార్లు వాడే పెద్ద సీసాల్లో కలిపే మిథైల్ పారాబెన్ మీదో, అడ్రినలిన్ చెడకుండా వేసే సల్ఫైట్ మీదో. అలర్జీ నిపుణుడి దగ్గర పరీక్ష చేయించుకుంటే తేలుతుంది. ‘పడదు’ అని కేసు షీటులో ఎక్కితే జీవితాంతం వెంటాడుతుంది, అనవసరంగా పూర్తి అనస్థీషియాకు తోసేస్తుంది.

ప్రశ్న: పాలిచ్చే తల్లిని. సెడేషన్ తీసుకోవచ్చా? (విశాఖపట్నం)

చిగురు ఇంజెక్షన్‌కు ఏ ఇబ్బందీ లేదు. ఒక్కసారి మిడజోలమ్ ఇచ్చినా, మీరు పూర్తిగా తేరుకుని బిడ్డను గట్టిగా పట్టుకోగలిగాక పాలివ్వవచ్చు. ఆ రాత్రి బిడ్డను పక్కలో వేసుకుని పడుకోకండి, మీ నిద్ర మామూలు కన్నా గాఢంగా ఉంటుంది.

ప్రశ్న: మత్తు దిగాక బండి మీద తమ్ముడి వెనక కూర్చుని రావచ్చా? (ఖమ్మం)

వద్దు. గతుకులో తూలి పడితే పట్టుకునే శక్తి చేతుల్లో ఉండదు. కారో, ఆటోనో మాట్లాడుకోండి, ఆటోలో తమ్ముణ్ణి పక్కనే కూర్చోబెట్టుకోండి. మిడజోలమ్ తర్వాత ఇరవై నాలుగు గంటలు బండి నడపడం, పొయ్యి దగ్గర పని, సంతకాలు, ఫోన్‌లో డబ్బు పంపడం ఏవీ పెట్టుకోవద్దు. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు తమ్ముడు వినాలి, కాగితం మీద రాయించుకోవాలి. మీకు గుర్తుండవు.

ఫ్లూమజెనిల్ ఇచ్చి లేపారంటే ఇంకా ఎక్కువసేపు అక్కడే ఉండాలి. దాని ప్రభావం గంటలోపే తగ్గుతుంది, మిడజోలమ్ మాత్రం ఒంట్లోనే ఉంటుంది, దార్లో మళ్లీ మగత కమ్మవచ్చు.

పెదవి మొద్దుబారి ఉన్నప్పుడు వేడి వేడి అన్నం తినకండి, కాలినా, కొరుక్కున్నా తెలియదు. మొద్దుతనం ఇంకా పూర్తిగా దిగకముందే, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా లేనివారు ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా., పారాసిటమాల్ 500 మి.గ్రా. కలిపి వేసుకుంటే నొప్పి ఎగబడదు. ఉత్త కడుపున కాదు, కాస్త చల్లటి పెరుగన్నం తిన్నాక. మర్నాటికి కూడా పెదవో గడ్డమో మొద్దుగానే ఉంటే మత్తు దిగలేదని సర్దిచెప్పుకోకండి. నరం నలిగి ఉండొచ్చు, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. తమ్ముడు రాత్రి ఒకటి రెండుసార్లు లేపి చూడాలి. పిలిచినా కళ్లు తెరవకపోతే, గురకలాంటి చప్పుడుతో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.